సన్నికల్లు మీద టైరు చార

కిందటి మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. సన్నికల్లు తొక్కించే వేళకు పంతులుగారు ఉన్నట్టుండి ఆగిపోయారు. అల్లుడు అప్పటికే అమ్మాయి కుడికాలు పట్టుకుని రాతి మీద పెట్టించబోతున్నాడు. ఈ రాయిలా నువ్వూ కదలకుండా స్థిరంగా ఉండమని చెప్పే మంత్రం అందుకోవాలి. ఆయన చూపు మాత్రం రాతి అంచున ఉంది. అక్కడ ఎంత పసుపు పూసినా దాగని నల్లటి చార, నాలుగు వేళ్ళ వెడల్పున. చారలో అడ్డంగా గాడులు కూడానూ.

"ఏమిటమ్మా ఈ మచ్చ?"

"స్థిరంగా ఉంటుందో లేదో ఒకసారి పరీక్ష చేశామండీ" అంది మా ఆవిడ.

వియ్యాలవారంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. భోజనాల దగ్గర వియ్యంకుడు మళ్ళీ కదిపితే, స్టోర్‌రూములో తారు డబ్బా ఒలికిందని చెప్పి గారె వడ్డించమని కేకేశాను. తారూ లేదు, డబ్బా లేదు. ఆ చార టైరుది. ఆ టైరు నా కారుది. ఆ కారు కొన్నవాణ్ణి నేను. ఈ మూడు ముక్కలూ నాలుగో మనిషికి చెప్పకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను జనరల్ ఇన్సూరెన్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మోటారు క్లెయిములు చూసి రిటైరైనవాణ్ణి. "అరుగుదల, తరుగుదల, యాంత్రిక లోపం పాలసీ పరిధిలోకి రావు" అనే వాక్యం నా చేత్తో ఎన్ని వందల ఫైళ్ళ మీద రాశానో లెక్కలేదు. బండి పాడై మా ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడినీ కళ్ళద్దాల మీదుగా చూసి "కొనేటప్పుడు చూసుకోవద్దుటండీ?" అని అడిగేవాణ్ణి. వాళ్ళలో ఎవరి ఉసురు తగిలిందో గాని గట్టిగానే తగిలింది.

విశాఖపట్నంలో కాపురముంటే బీచ్ రోడ్డు దాటిన దగ్గర్నుంచీ ఎత్తుపల్లాలే. పాత కారుకు క్లచ్ ఉండేది. ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగి మళ్ళీ కదలాలంటే సగం క్లచ్, సగం ఎక్సలేటరు, మిగతాది దైవకృప. సిరిపురం ఎత్తులో ఒకరోజు ఆ మూడింటిలో ఏదో తగ్గి, వెనకున్న ఆటో ముఖానికి నా డిక్కీ ఆనించాను. ఆటో అతను నాతో ఏమీ అనలేదు. పక్క ఆటో అతనితో మాత్రం "పెద్దాయన, వదిలేయ్" అన్నాడు. తిడితే భరించేవాణ్ణేమో. ఆ జాలి మాట మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు.

నాలుగోరోజు ఇంట్లో ప్రకటించాను. "నువ్వు కారు నేర్చుకోవాలి. నీకోసం ఆటోమేటిక్ కొంటున్నాను."

"నన్ను ఎవరడిగారు?" అంది మా ఆవిడ. స్కూలుకు స్కూటీ మీద ఇరవై రెండేళ్ళు వెళ్ళొచ్చిన టీచరమ్మ ఆవిడ. ఒక్క గీత పడలేదు. "అయినా నా బండికి గేర్లెక్కడున్నాయి? నాది అప్పట్నుంచీ ఆటోమేటిక్కే కదా."

మాట నిజం. స్కూటీలో బెల్టు, రెండు కప్పీలు కలిసి గేర్ల పని చూసుకుంటాయి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసినట్టు తలాడించాను.

2014లో మారుతి సెలేరియో వచ్చి, మామూలు గేరుబాక్సుకే మర తగిలించి చవక ఆటోమేటిక్‌లకు దారి వేసింది. అంతకుముందు మన దగ్గర ఆటోమేటిక్ అంటే డబ్బున్నవాళ్ళ ముచ్చట. నాకు దొరికింది ఆ కాలం సరుకే. 2009 మోడల్, నాలుగు గేర్లు, నూనె మీద నడిచే అసలు సిసలు ఆటోమేటిక్. కంపెనీ పేరు చెప్పను. వాళ్ళ తప్పు వీసమెత్తు లేదు, పదమూడేళ్ళు నిలబడిన యంత్రానికి నేను దొరకడం దాని ఖర్మ.

"డాక్టరమ్మ బండి సార్. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి" అన్నాడు బ్రోకరు. సెకండ్ హ్యాండ్ బండ్లన్నీ డాక్టరమ్మలవే. ఈ లెక్కన దేశంలో వైద్యానికి లోటుండకూడదు. నేను వెళ్ళేసరికే ఇంజిన్ నడుస్తోంది. "మీకు చల్లగా ఉండాలని ఏసీ వేసి ఉంచాను సార్" అన్నాడు. ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. చల్లారిన బండిని స్టార్ట్ చేసి గేరు వేసి చూస్తేనే ఈ రకం గేరుబాక్సు రోగం బయటపడుతుందనీ, అది దాచడానికే ఆ మర్యాద అనీ తెలిసేసరికి ఏడాది పట్టింది. టెస్ట్ డ్రైవ్ ఎక్కడ చేశానంటారా? బీచ్ రోడ్డు మీద. ఊరంతా ఎత్తుపల్లాలే, ఎత్తుకు భయపడే ఈ బండి కొంటున్నాను, పరీక్షించింది మాత్రం బల్లపరుపు రోడ్డు మీద, సముద్రం వైపు చూస్తూ. తర్వాత హారన్ కొట్టాను, సీటు కవర్లు తడిమాను, టైరును కాలితో తన్నాను. టైరును తన్నితే ఏం తెలుస్తుందో ఈనాటికీ నాకు తెలియదు. తన్నడం మాత్రం మానను. వెయ్యి రూపాయలిచ్చి ఒక మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళండన్న బావమరిది సలహాను, ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు ఎదురుగా పెట్టుకుని, తోసిపుచ్చాను.

రెండు లక్షల నలభై చెప్పాడు. రెండు లక్షల పదిహేనుకు దించాను. ఇంట్లో లక్షా ఎనభై అని చెప్పాను.

వారం తిరక్కుండానే బండి తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే లీవరు డీలో, అంటే ముందుకు నడిచే గేరులో, వేస్తే ఏమీ జరిగేది కాదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునే వ్యవధి ఇచ్చి, అప్పుడు దబ్బుమని వెనకనుంచి ఎవరో తోసినట్టు కదిలేది. "ఏమిటిది?" అంది మా ఆవిడ. "పెద్దింటి బండి. ఆలోచించుకుని అడుగేస్తుంది" అన్నాను. రెండో గేరు నుంచి మూడుకు మారేచోట ఇంజిన్ ఊరికే రొద పెట్టేది, వేగం పెరిగేది కాదు. "ఊపిరి పీల్చుకుంటోంది" అన్నాను. పరీక్ష పేపర్లు దిద్దే మనిషి ఆవిడ. పిల్లాడు జవాబు తెలియక రాస్తున్నాడో తెలిసి రాస్తున్నాడో రెండో వాక్యంలోనే పట్టేస్తుంది. నాకు మార్కులు వేయకుండా ఊరుకుంది, అంతే.

అప్పుడే వాకిట్లో ఎర్రటి చుక్కలు కనిపించాయి. మా గేటు ముందు ఏటవాలు ర్యాంపు, దాని కింద మా ఆవిడ వేసే ముగ్గు. పదకొండు చుక్కల ముగ్గు వేస్తే తెల్లారేసరికి పదిహేనవుతున్నాయి. పైగా ఆ నాలుగూ ఇటుకరంగులో. చెత్తబండి కుర్రాడు పాన్ ఉమ్ముతున్నాడని తేల్చి వీధిలో నిలబెట్టి కడిగేశాను. వాడు పాపం నోరంతా తెరిచి చూపించాడు. పళ్ళు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. అయినా నమ్మలేదు. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె కొత్తగా ఉన్నప్పుడు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుందనీ, పాతబడి మాడేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుందనీ, మధ్యలో ఒక దశలో అచ్చం పాన్ ఉమ్ములా ఉంటుందనీ నాకెవరు చెప్పారు?

నూనె చూడలేదా అంటే, చూశాను. వారం వారం బోనెట్ ఎత్తి, పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు పెట్టి "ఫుల్లుగా ఉంది" అని పక్కింటి మాస్టారికి వినపడేలా అనేవాణ్ణి. అది ఇంజిన్ ఆయిల్ పుల్ల. గేరుబాక్సుకు వేరే పుల్ల ఉంటుంది. దాన్ని ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా చూడాలి. ఆ రెండో పుల్ల మా బండిలో బ్యాటరీ పక్కనే, పసుపుపచ్చ పిడితో, నేను ఎప్పుడు చూస్తానా అని పదమూడేళ్ళుగా ఎదురుచూస్తూ ఉంది.

ఇక సింహాచలం సంగతి.

కొన్న బండికి పూజ చేయించలేదని మా అత్తగారు ఫోన్‌లో నస పెడుతుంటే ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. మా ఆవిడ ఒళ్ళో కొబ్బరికాయ, పూలదండ, టైర్ల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు. సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం కింద ఉండి అక్షయ తృతీయనాడు ఒక్కసారి నిజరూపం చూపిస్తాడు. మా బండికి అంత నిష్ఠ లేదు. ఘాట్ రోడ్డు సగం ఎక్కగానే, మామూలు శనివారం నాడే చూపించేసింది.

ఒక మలుపు తిరిగాక ఇంజిన్ ఒక్కసారిగా గోల పెట్టింది. ముల్లు నాలుగు వేల మీదికి ఎక్కింది. బండి మాత్రం గంజిలో నడుస్తున్నట్టు మెల్లగా, ఇంకా మెల్లగా, ఆపైన నిలబడిపోయింది. నేను ఎక్సలేటరు ఇంకా తొక్కాను. రొద పెరిగింది. కిటికీలోంచి చూస్తున్న మా ఆవిడ ప్రశాంతంగా అడిగింది: "ఏమండీ, ఆ చెట్టు ఇందాక మన వెనకుంది కదా, ఇప్పుడు పక్కకెలా వచ్చింది?"

వెనక్కి జారుతున్నాం. లీవరు డీలోనే ఉంది. వెనక భక్తులతో నిండిన బస్సు.

బ్రేకు తొక్కాను, ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. ములక్కాడ లాగినట్టు పైదాకా లేచి వచ్చింది, దానివల్ల ఏమీ జరగలేదు. లీవరు మీద పార్కింగుకు పీ అని వాళ్ళే రాసిచ్చాక హ్యాండ్‌బ్రేక్ ఎందుకన్న సిద్ధాంతంతో కొన్ననాటి నుంచి దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. వాడని కేబుల్‌ను సముద్రపు ఉప్పుగాలి తినేసింది. ఇక నా కాలు బ్రేకు మీద ఉన్నంతసేపే మా ఇద్దరి ఆయుష్షు. అదీ ఏ కాలంటే, కుడికాలు. ఇంట్లో ఆవిడ కోసమన్నా, ఊరంతా మాత్రం ఎడమ మోకాలు నొప్పి, ఆటోమేటిక్ కావాలి అని చెప్పుకున్నాను. ఆ ఎడమకాలు హాయిగా పక్కన కూర్చుని చూస్తోంది.

మా ఆవిడ నిమ్మకాయలు డ్యాష్‌బోర్డు మీద పెట్టి దిగింది. కొండవారనున్న రాయొకటి దొర్లించుకొచ్చి వెనక టైరుకు అడ్డం పెట్టింది. బస్సు డ్రైవరు తల బయటపెట్టి అన్నాడు: "ఏటి బాబూ, అప్పన్నకి ఈపు సూపించకుండా ఎనక్కెనక్కి నడిసెళ్తన్నావేటి?" అంత భయంలోనూ మా ఆవిడ నవ్వింది. నిమ్మకాయ పెట్టాల్సినచోట బండరాయి పెట్టి, మిగతా కొండ బస్సులో ఎక్కి దర్శనం చేసుకుని వచ్చింది. నేను బండి దగ్గరే ఉన్నాను, కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నట్టు స్టీరింగ్ పట్టుకుని.

తర్వాతి తప్పు పూర్తిగా నా సొంతం. పెద్ద బండి మీద ఎక్కించి తీసుకెళ్తానన్నవాడు నాలుగు వేలడిగాడు. ఆరు వందలకు ఒక మినీ వ్యాన్‌ను మాట్లాడి, తాడు కట్టించి, ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో వేసి, గాజువాక ఆటోనగర్ దాకా లాగించాను. మూడు వేల నాలుగు వందలు మిగిల్చానన్న ఆనందం షెడ్డు గుమ్మం దాకానే.

మెకానిక్ తాడును చూశాడు. నన్ను చూశాడు. "లాగించేసినారా సార్? ఇంజిన్ ఆపేసా?" అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళు పోయారని తెలిసినవాడి గొంతుతో. "ఈటికి నూనె పంపు ఇంజిన్‌తోటే తిరుగుతాది. ఇంజిన్ ఆపేసి సక్రాలు తిప్పితే లోపలికి సుక్క నూనె రాదు. అన్నీ పొడిపొడిగా రాసేసుకుంటాయి."

రెండో పుల్ల లాగి, వేలితో నూనె తీసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. మాడిన పాలవాసన, డికాక్షన్ రంగు. ఘాట్‌లో ఏమైందో మా ఆవిడకు చెప్పాడు, నాకు చెప్పి లాభం లేదనుకున్నాడో ఏమో. ఈ పెట్టెలో ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య మన కాలితో తొక్కే క్లచ్ లేదు. ఇంజిన్ బలాన్ని అందుకునేది నూనె, లోపలి పలకలను బిగించి గేరు పట్టించేది నూనె ఒత్తిడి, చల్లబరిచేది నూనె. సీలు దగ్గర్నుంచి కారి కారి అడుగంటింది. చదును మీద ఎలాగో నడిచింది. బండి ముక్కు పైకెత్తి కొండెక్కగానే మిగిలిన నూనె ఒక మూలకు చేరింది, పంపు గాలి పీల్చింది, ఒత్తిడి పోయింది, పలకలు జారాయి.

"చారు గిన్నె వంచినట్టన్నమాట. చారు ఒక పక్క, గరిటె ఇంకో పక్క" అంది మా ఆవిడ.

"అద్గదీ మేడమ్" అన్నాడు మెకానిక్, ఇన్నాళ్ళకు మనిషన్నవాడు దొరికినట్టు.

నూనె జీవితకాలం మార్చక్కర్లేదని బ్రోకరు చెప్పాడని నేను నసిగాను. "ఎవరి జీవితకాలం సార్?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. పెట్టె విప్పి మొత్తం బాగుచేయడానికి తొంభై వేలన్నాడు. సీలు మార్చి, నూనె పోసి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కొత్తది వేస్తే పదకొండున్నర వేలు, కాకపోతే "కొన్నాళ్ళు నడుస్తాది, గ్యారెంటీ మాత్రం అడగొద్దు." నేను రెండోది ఎంచుకుని, ఇంట్లో మొదటిది చేయించానన్నట్టు మాట్లాడాను. పెట్టె మొత్తం కొత్తదైపోయిందన్నాను.

మర్నాడు కారెక్కబోతూ మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి సన్నికల్లు ఎత్తుకొచ్చింది. రెండు చేతులతో, పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చి డిక్కీలో పెట్టింది. ముప్ఫై ఏళ్ళ కిందట నేనే ఆవిడ కాలు పట్టుకుని తొక్కించిన రాయి.

"ఇదెందుకు? కావాలంటే పొత్రం తెచ్చుకో, తేలిగ్గా ఉంటుంది" అన్నాను.

"పొత్రం దొర్లుతుందండీ" అంది, నావైపు చూస్తూ.

అప్పట్నుంచి మా ఆవిడ లారీ క్లీనరైంది. ఎక్కడ ఆగినా ముందు తను దిగుతుంది, టైరు వెనక సన్నికల్లు పెడుతుంది, అప్పుడు "ఊఁ, దిగండి" అంటుంది. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, రైతుబజారుకు, చివరికి బ్యాంకు పార్కింగులో కూడా. పట్టుచీర కట్టుకున్న టీచరమ్మ రాయి మోస్తుంటే, పక్కన నేను చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆ రాయికీ నాకూ సంబంధం లేనట్టు నిలబడేవాణ్ణి.

ఐదు నెలలు అలా గడిచాయి. ఒక సాయంత్రం ర్యాంపు ఎక్కి గేటు ముందు ఆగాం. తను దిగి రాయి పెట్టి, వీధిలో ఎవరో పలకరిస్తే అటు తిరిగింది. నేను లీవరు పైకి తోసి, ఇంజిన్ ఆపకుండానే, హ్యాండ్‌బ్రేక్ సంగతి ఎప్పట్లాగే మరిచి, గేటు తీయడానికి దిగాను. గొళ్ళెం మీద చెయ్యి వేశాను. వెనక టక్కుమంది. తిరిగి చూస్తే తెరిచిన తలుపుతో, డ్రైవరు లేకుండా, బండి తనంతట తాను వెనక్కి వెళ్తోంది. వెళ్ళాలనుకుంటోంది అనాలి. వెనక టైరు సన్నికల్లు మీదికి సగం ఎక్కి, రబ్బరు కాలేలా రాసుకుంటూ వణుకుతోంది. దానికి ఆరడుగుల వెనక, మా ఆవిడ వీపు. తన పక్కన ఎదురింటి మనవడు, మూడు చక్రాల సైకిలు మీద.

దూకి బ్రేకు తొక్కాను. ఆ తర్వాత చాలాసేపు కాలు తీయలేకపోయాను. ఈ ఒక్కచోట నాకు హాస్యం రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇలాంటిది లోకంలో నాకొక్కడికే జరిగిందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. నాకొక్కడికే కాదు. లీవరు పీలో ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి పీకీ రివర్సుకీ మధ్య ఎక్కడో అర్ధాంతరంగా ఆగి ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ అదురుకు అది రివర్సులోకి జారుతుంది. అమెరికాలో ఫోర్డ్ కార్ల మీద సరిగ్గా ఈ ఫిర్యాదే వెల్లువెత్తింది. 1980 ఆఖరులో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, సుమారు 2 కోట్ల 30 లక్షల బండ్లకు కంపెనీ ఏం పంపిందయ్యా అంటే, స్టిక్కర్లు. లీవరు పీలో సరిగా పడిందో లేదో చూసుకోండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి, ఇంజిన్ ఆపండి అని. అసలు పీలో సరిగా పడినా లోపల బండిని ఆపేది వేలెడంత ఇనప పన్ను ఒక్కటేనట. ఏటవాలు మీద బండి బరువంతా దానిమీద వేలాడదీసి నేను రోజూ హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే కాఫీ దగ్గర ఈ స్టిక్కర్ల చరిత్ర చెబితే మా ఆవిడ శ్రద్ధగా వింది. "అంతమందికి స్టిక్కర్లు పంపేకంటే తలా ఒక సన్నికల్లు పంపాల్సింది" అంది.

బండి అమ్మేశాం, ఇంకొకడి మెడకు కట్టకుండా తుక్కు కింద. ముప్ఫై ఒక్క వేలొచ్చింది. చెత్తబండి కుర్రాడికి ఐదు వందలివ్వబోతే పుచ్చుకోకుండా మళ్ళీ పళ్ళు చూపించి పోయాడు. తుక్కువాడు వచ్చిన రోజు కారులోని సామాన్లు తీస్తూ మా ఆవిడ గ్లోవ్ బాక్సులోంచి బండి పుస్తకం తీసింది. కరెంటు పోయినప్పుడు నేను విసురుకోవడానికి వాడే పుస్తకం. కూర్చుని నెమ్మదిగా లెక్క వేసింది. "లక్షా ఎనభైకి కొన్నారు, ముప్ఫై ఒక్క వేలొచ్చింది. అంటే..."

ఇక దాచలేక గొంతు సవరించుకున్నాను. "అసలు ధర..."

"రెండు లక్షల పదిహేను" అంది. పుస్తకం తెరిచి, మధ్యలో నాలుగు మడతలు పెట్టిన అగ్రిమెంటు కాగితం తీసి నా చేతిలో పెట్టింది. అందులో నా సంతకం. "ఆటోనగర్ షెడ్డులో మీరు బేరమాడుతుంటే తోచక ఈ పుస్తకం చదివాను. తాడు కట్టి లాగొద్దని రాసిన పేజీలో దొరికింది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగొద్దని రాసింది దాని పక్క పేజీ."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అడగలేదేం?"

వంగి, టైరు వెనకనుంచి సన్నికల్లు రెండు చేతులతో ఎత్తుకుంది.

"ఎంతదాకా వెనక్కి జారతారో చూద్దామని" అని, కుళాయి దగ్గరికి నడిచింది కడగడానికి.